గోథమ్‌లో ఇంకో విగ్రహం

‘ది డార్క్ నైట్ రైజెస్’ 2012 జులైలో వచ్చింది. ఇన్నేళ్ళయినా ఆ సినిమా మాటొస్తే చాలు, నా స్నేహితులు రెండు జట్లుగా విడిపోతారు. ఒక జట్టు లోపాలు లెక్కపెడుతుంది. చేతిలో పైసా లేనివాడు ఎక్కడో ఎడారిలో ఉన్న గోతిలోంచి బయటపడి, దిగ్బంధంలో ఉన్న గోథమ్‌లోకి ఎలా వచ్చాడు? జారిపోయిన వెన్నుపూసని పిడికిలితో ఒక్క గుద్దు గుద్దితే సర్దుకుంటుందా? నెలల తరబడి సొరంగాల్లో ఇరుక్కున్న పోలీసులకి గడ్డాలు ఎవరు గీశారు? రెండో జట్టు, ‘లాజిక్ పక్కన పెట్టు బాసూ, ఎమోషన్ చూడు’ అంటుంది. సమాధి ముందు ఆల్ఫ్రెడ్ ఏడుపుని గుర్తుచేసుకుని గొంతు సవరించుకుంటుంది.

నాకు రెండు జట్లతోనూ పేచీయే. మొదటి జట్టువి మరీ చిన్న ప్రశ్నలు. గబ్బిలం వేషం వేసుకుని మేడల మీంచి దూకేవాణ్ణి ఒప్పుకున్నవాళ్ళం, గడ్డం దగ్గర ఆగిపోతే ఎలా? నా అసలు గొడవ రెండో జట్టుతో. ఎమోషనే చూద్దాం. ఏ ఎమోషన్, ఎవరి ఖర్చు మీద, అని అడుగుదాం. (సినిమా చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. కథంతా బయటపెట్టకుండా దీని గురించి మాట్లాడటం నా వల్ల కాదు.)

ముందు ఒక మాట చెప్పాలి. సూపర్ హీరోలంటే పడనివాడి ఏడుపు కాదిది. కేబుల్ టీవీలో వచ్చే కార్టూన్ బ్యాట్‌మ్యాన్ కోసం హోంవర్కులు ఎగ్గొట్టిన తరం మాది. కాస్త పెద్దయ్యాక, అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద అట్ట చిరిగిన కామిక్స్ ఏరుకుని, మధ్యలో పేజీలు పోయిన చోట కథ సొంతంగా అల్లుకున్నవాణ్ణి. ‘బ్యాట్‌మ్యాన్ బిగిన్స్’ వచ్చిన 2005లో, నేను అంత సీరియస్‌గా తీసుకున్న మనిషిని పెద్దవాళ్ళు కూడా సీరియస్‌గా తీసుకున్నారని పండగ చేసుకున్నాను. మూడో భాగాన్ని ప్రసాద్స్ ఐమాక్స్‌లో చూశాను. బ్రూస్ వేన్ గోతిలోంచి పైకొచ్చినప్పుడు వెనకాల మన జోధ్‌పూర్ మెహ్రాన్‌గఢ్ కోట కనిపిస్తే ఈల వేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇష్టం ఉన్న చోటే కదా లెక్క అడిగేది.

ఇక లెక్కలోకి వస్తాను. 2008లో వచ్చిన ‘ది డార్క్ నైట్’ మనకొక అప్పు మిగిల్చి ముగిసింది. న్యాయానికి ముఖంలా నిలబడ్డ ప్రాసిక్యూటర్ హార్వీ డెంట్ చివర్లో హంతకుడైపోయి చచ్చిపోతాడు. ఈ సంగతి తెలిస్తే ఊరు నమ్మకం కోల్పోతుందని బ్యాట్‌మ్యాన్ ఆ హత్యలు తన నెత్తిన వేసుకుంటాడు. కమిషనర్ గోర్డన్ ఆ అబద్ధాన్ని మోస్తాడు. బయటకొస్తూ మేమంతా అడుగుకున్నది ఒకటే: ఇది ఎన్నాళ్ళు ఆగుతుంది? బయటపడ్డ రోజు ఏమవుతుంది? నాలుగేళ్ళు ఎదురుచూసింది దీనికే. కొత్త విలన్ ఎవరు, కొత్త బండి ఎలా ఉంటుంది అన్నవి ఆ తర్వాతే. ఒక ఊరుని అబద్ధంతో కాపాడొచ్చా అన్న ప్రశ్నని నోలన్ అంతకుముందు ఏ సూపర్ హీరో సినిమా వెయ్యనంత సూటిగా వేశాడు. కాబట్టి జవాబు చెప్పే బాధ్యత కూడా ఆయనదే.

మూడో భాగంలో ఆ అబద్ధం బయటపడుతుంది. బ్లాక్‌గేట్ జైలు ముందు నిలబడి, డెంట్ ఫొటో చింపి, గోర్డన్ రాసుకుని చదవలేకపోయిన ఉపన్యాసాన్ని బేన్ ఊరందరికీ చదివి వినిపిస్తాడు. ఆ తర్వాత? ఏమీ లేదు. గోర్డన్ టీవీలో చూస్తూ ఉంటాడు. పక్కనున్న కుర్ర పోలీసు బ్లేక్ నిలదీస్తాడు. వ్యవస్థలు కొన్నిసార్లు సంకెళ్ళవుతాయి, అప్పుడు మన చేతులకి మట్టంటకుండా తన చేతులు మురికి చేసుకునే స్నేహితుడు కావాలి అన్న అర్థంలో గోర్డన్ జవాబిస్తాడు. నీ చేతులూ మురికిగానే కనిపిస్తున్నాయి అన్నట్టు బ్లేక్ ఒక మాట అంటాడు. అయిపోయింది. రెండు గంటల నలభై నిమిషాలు దాటిన సినిమాలో, ముందు సినిమా మొత్తం మోసుకొచ్చిన బరువుకి దొరికిన జాగా ఇంతే. ఆ తర్వాత ఎవ్వరూ దాని ఊసెత్తరు. డెంట్ చంపబోయింది గోర్డన్ కొడుకునే. ఆ కుటుంబం ఈ ఎనిమిదేళ్ళూ ఎలా నోరు మూసుకుని బతికిందో మనకి తెలీదు, భార్య పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయిందని మాత్రం ఒక ముక్కలో చెప్పేస్తారు.

దీని పక్కనే ఇంకో అబద్ధం పెట్టి చూడండి. రేచల్ చనిపోయే ముందు బ్రూస్‌కి రాసిన ఉత్తరాన్ని ఆల్ఫ్రెడ్ రెండో భాగంలో కాల్చేస్తాడు. తనని కాదని డెంట్‌నే ఎంచుకుందని తెలిస్తే బ్రూస్ తట్టుకోలేడని. మూడో భాగంలో ఆ నిజం చెప్పేస్తాడు, చెప్పినందుకు ఇల్లు వదిలి పోవాల్సి వస్తుంది. ఆ మెట్ల దగ్గరి సన్నివేశం నాకు ఇప్పటికీ చాలా ఇష్టం. మైకేల్ కెయిన్ గొంతు వణికే తీరు చూడాలి. అంటే నిజం బయటపడితే మూల్యం చెల్లించాలని ఈ సినిమాకి తెలుసు. ఇద్దరు మనుషుల మధ్య అయితే తెలుసు. ఒక ఊరికీ దాని పాలకులకీ మధ్య అయితే మాత్రం మర్చిపోతుంది.

అసలు ఊరేదీ? అభిమానిగా నన్ను ఎక్కువ కుదిపేసింది ఇదే. రెండో భాగంలో రెండు పడవలు గుర్తున్నాయా? ఒకదాంట్లో మామూలు జనం, ఇంకోదాంట్లో ఖైదీలు. ఒకరి పడవని పేల్చే మీట ఇంకొకరి చేతిలో. జనం ఓట్లు వేసుకుంటారు, పేల్చెయ్యమనే వైపే ఎక్కువ పడతాయి. అయినా మీట నొక్కడానికి ఎవరికీ చెయ్యి రాదు. రెండో పడవలో ఆజానుబాహుడైన ఖైదీ ఒకడు మీట అడిగి తీసుకుని కిటికీలోంచి నీళ్ళలోకి విసిరేస్తాడు. ఆ పది నిమిషాల్లో బ్యాట్‌మ్యాన్ చేసిందేమీ లేదు. జోకర్‌ని ఓడించింది పేర్లు కూడా లేని మనుషులు. సూపర్ హీరో సినిమాలో జనాన్ని అంత గౌరవించిన సన్నివేశం నాకు ఇంకోటి తెలీదు.

మూడో భాగంలో అదే గోథమ్ ఐదు నెలలు బందీగా ఉంటుంది. అణుబాంబు వీధుల్లో లారీ మీద తిరుగుతూ ఉంటుంది. ఆ ఐదు నెలల్లో ఒక్క బేకరీవాడు, ఒక్క టీచరు, ఒక్క నర్సు ఏం చేస్తున్నారో చూపించరు. నీళ్ళ కోసం లైన్లో నిలబడ్డవాడు లేడు. పక్కింటివాణ్ణి పట్టిచ్చినవాడు లేడు, దాచినవాడూ లేడు. ఉన్నది బేన్ మనుషులు, పోలీసులు, అనాథాశ్రమంలో కొందరు పిల్లలు, ఒక బస్సు. పెద్దింటివాళ్ళని బయటకి ఈడ్చే దృశ్యాలున్నాయి, మంచు మీద నడిపించే ఉత్తుత్తి కోర్టు ఉంది. ఆ కోర్టులో ప్రేక్షకులుగా కూర్చుని కేకలు వేసేవాళ్ళెవరో తెలీదు. ‘ఊరు మీదే, మీరే తీసుకోండి’ అన్న మాట విలన్ నోట మాత్రమే వినిపిస్తుంది, తీసుకోవాలా వద్దా అని జనం ఆలోచించే అవకాశమే కథలో లేదు. దోచుకున్న ఇంట్లో పగిలిన ఫొటో ఫ్రేమ్ చేతిలోకి తీసుకుని సెలీనా కైల్ ఒక్క క్షణం చిన్నబోతుంది. ఇది ఒకరి ఇల్లు కదా అని ఆమెకి అనిపిస్తుంది. ఆ సినిమాలో తిరుగుబాటు గురించి నిజాయితీగా ఆలోచించిన ఒకే ఒక్క మనిషి ఆ దొంగ. (ఆన్ హాథవే ఈ సినిమాకి దొరకడం నోలన్ అదృష్టం.)

చివరికి పెద్ద యుద్ధం ఎవరెవరి మధ్య? యూనిఫారంలో పోలీసులు ఒక వైపు, బేన్ ముఠా ఒక వైపు. జనం ఇళ్ళల్లో తలుపులేసుకున్నారనుకోవాలి కాబోలు. పడవలు నడిపించిన దర్శకుడే ఇది తీశాడంటే నాకిప్పటికీ మింగుడుపడదు.

ఖైదీల సంగతి ఇంకా అన్యాయం. డెంట్ పేరు మీద చేసిన చట్టంతో వెయ్యి మందిదాకా పెరోల్ లేకుండా బ్లాక్‌గేట్‌లో ఎనిమిదేళ్ళు మగ్గారు. చట్టం నిలబడ్డదే అబద్ధం మీద. టాడా, పోటా అన్న పేర్లు పేపర్లో చదువుతూ పెరిగిన మనకి, అలాంటి చట్టంలో ఎంతమంది ఊరికే ఇరుక్కుని ఉంటారో ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. ఆ వెయ్యి మందిలో ఒక్కడికైనా తనదైన కథ ఉండొచ్చని సినిమాకి తట్టదు. గోడ పగలగానే అందరూ తుపాకులు పట్టుకుని బయటకొస్తారు, అంతే. పడవలో మీట విసిరేసినవాడు, ఆ తర్వాత ఏ పేరోలూ దొరక్కపోతే, అదే జైల్లో ఉండి ఉంటాడు కదా? నోలన్ కథ రాసుకునేటప్పుడు ఆ మనిషిని ఒక్కసారైనా తలుచుకున్నాడా అని నా అనుమానం.

సరే, ఇక బ్రూస్ దగ్గరికి రండి. ఈ సినిమా మొదలయ్యేసరికి అతను ఎనిమిదేళ్ళుగా ముసుగు తీసి, కర్ర పట్టుకుని, ఇంట్లో దాక్కుని ఉన్నాడు. డెంట్ చనిపోయిన రాత్రి తర్వాత బ్యాట్‌మ్యాన్‌ని ఎవరూ చూడలేదట. రెండో భాగం చివర్లో కుక్కలు తరుముతుంటే చీకట్లోకి దూసుకెళ్ళినవాడు, అంటే నిందలు మోస్తూ కూడా పని మానడని మనం నమ్మినవాడు, నిజానికి ఆ రాత్రి నేరుగా ఇంటికెళ్ళి తలుపేసుకున్నాడన్నమాట! మొత్తం మూడు సినిమాల్లో కలిపి అతను బ్యాట్‌మ్యాన్‌గా పనిచేసిన కాలం ఏడాది చిల్లర అవుతుందేమో. నేను ప్రొబేషన్ పీరియడ్‌లో ఉన్నంత కాలం.

బ్యాట్‌మ్యాన్ విరమించుకోకూడదని నేననడం లేదు. విరమించుకున్న బ్యాట్‌మ్యాన్ కథలు అంతకుముందే ఉన్నాయి, ఇంతకంటే బావున్నాయి. 1999లో మొదలైన ‘బ్యాట్‌మ్యాన్ బియాండ్’ కార్టూన్ మొదటి భాగంలో ముసలి బ్రూస్‌కి పోరాటం మధ్యలో గుండె పట్టేస్తుంది. ప్రాణం కాపాడుకోవడానికి తుపాకీ ఎత్తి గురి పెడతాడు. పేల్చడు. కానీ ఎత్తాడు. అమ్మనీ నాన్ననీ చంపిన వస్తువు తన చేతిలోకి వచ్చిందంటే ఇక తను ఆ బట్టలకి తగడని గుహలో దీపాలార్పేస్తాడు. పిల్లల కార్టూన్ అది! రిటైర్ అవడానికి కారణం అంటే అలా ఉండాలి. ప్రతిజ్ఞ చేసిన మనిషి, ప్రతిజ్ఞ మీద గౌరవంతోనే దిగిపోవాలి. ఫ్రాంక్ మిల్లర్ 1986లో రాసిన ‘ది డార్క్ నైట్ రిటర్న్స్’లో కూడా ముసలి బ్రూస్ దొంగచావు చస్తాడు. నోలన్ ముగింపుని వెనకేసుకొచ్చేవాళ్ళు దీన్నే చూపిస్తారు. చూపించే ముందు చివరి పేజీలు మళ్ళీ చదవాల్సింది. మిల్లర్ బ్రూస్ చచ్చినట్టు నటించేది భూమి కింద కుర్రాళ్ళకి పని నేర్పడానికి. అంటే పని మానకుండా ఉండటానికి. నోలన్ బ్రూస్ చచ్చినట్టు నటించేది ఫ్లోరెన్స్‌లో కాఫీ తాగడానికి.

‘ఇన్ని బాధలు పడ్డవాడు, చివరికి సుఖపడితే నీకేంటి కడుపుమంట?’ అని ఒక మిత్రుడు అడిగాడు. మంచి ప్రశ్నే. నోలన్ దృష్టిలో బ్యాట్‌మ్యాన్ ఒక జబ్బు. అమ్మానాన్నల చావు దగ్గర ఆగిపోయిన కుర్రాడికి పట్టిన జబ్బు, అది కుదిరితే మనిషి మామూలవుతాడు, మామూలవడమంటే మంచి షర్టు వేసుకుని ప్రియురాలితో కేఫ్‌లో కూర్చోవడం. ఆల్ఫ్రెడ్ మొదట్నుంచీ కోరుకునేది అదే, సినిమా ఆల్ఫ్రెడ్ పక్షం. నేను చదువుకున్న బ్యాట్‌మ్యాన్ అలాంటివాడు కాదు. ఎనిమిదేళ్ళ కుర్రాడు తనకి జరిగింది ఇంకో పిల్లాడికి జరగకూడదనుకున్నాడు, ఆ అనుకోవడాన్ని పెద్దయ్యాక కూడా వదల్లేదు. ఇంతే కథ.

మా నాన్న నేను ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఉండగా పోయారు. పన్నెండో రోజు దాటకముందే బంధువులు మొదలుపెట్టారు: మర్చిపోవాలి నాన్నా, నీ జీవితం నువ్వు చూసుకోవాలి అని. వాళ్ళు ప్రేమతోనే అన్నారు. మా అమ్మ మాత్రం మర్చిపోలేదు, ఆరోగ్యంగానే ఉంది. నాన్న ఫీజులు కట్టే ఇద్దరు పిల్లలకి ఆవిడ ఇంకో ఆరేళ్ళు కట్టింది, కుట్టు మిషను మీద సంపాదించి. దుఃఖాన్ని పనిగా మార్చుకున్న మనిషిని రోగి అనడం నాకు అప్పుడూ నచ్చలేదు, తెర మీదా నచ్చదు. బ్రూస్ సుఖపడొద్దని కాదు. పని సగంలో వదలడం ఒక్కటే సుఖానికి దారి అన్నట్టు చూపించారు చూశారూ, దాంతోనే నా పేచీ.

పని సగంలో వదల్లేదు, బ్లేక్‌కి అప్పగించాడు కదా అనే వాదన ఉంది. బ్యాట్‌మ్యాన్ అంటే మనిషి కాదు, ఒక గుర్తు, ఎవరైనా కావచ్చు అని. ఈ మాట సినిమాలో ఒకచోట చాలా అందంగా వస్తుంది. భయపడిన పిల్లాడి భుజాల మీద కోటు కప్పినవాడు కూడా హీరోయే అని గోర్డన్‌కి తనెవరో చెప్పే క్షణం అది. అక్కడ నాకూ కళ్ళు తడయ్యాయి, దాచుకోను. కానీ కోటు కప్పడానికి గుహ అక్కర్లేదు. రెండో భాగంలో బ్యాట్‌మ్యాన్ వేషాలేసుకుని రోడ్డెక్కిన కుర్రాళ్ళుంటారు, హాకీ ఆటగాళ్ళ ప్యాడ్లు కట్టుకుని. వాళ్ళని కట్టిపడేసి ఈ పని మీది కాదని వెళ్ళిపోతాడు అసలువాడు. వాళ్ళలో ఒకణ్ణి జోకర్ వీడియో తీసి మరీ చంపుతాడు. ఎవరైనా బ్యాట్‌మ్యాన్ కావచ్చు అన్న మాటకి ఈ సిరీసే అప్పట్లో చెప్పిన జవాబు అది. 1993లో వచ్చిన ‘నైట్‌ఫాల్’ కామిక్స్‌లో, బేన్ నడుం విరిచిన కథ అసలు అదే, బ్రూస్ స్థానంలో వచ్చిన కుర్రాడు క్రూరుడైపోతే, కోలుకున్న బ్రూస్ వచ్చి ఆ బట్టలు వెనక్కి లాక్కోవాల్సి వస్తుంది. నోలన్ ఆ కథలోంచి విరిగిన నడుం తీసుకున్నాడు, మిగతాది వదిలేశాడు. బ్లేక్‌కి దక్కింది ఒక సంచీ, గుహకి దారి చెప్పే అంకెలు. అతనికి నేర్పే గురువు ఆ వేళకి ఇటలీలో ఉన్నాడు.

ఇప్పుడు విగ్రహం. బాంబుని సముద్రం మీదకి ఎత్తుకెళ్ళి బ్యాట్‌మ్యాన్ చనిపోయాడని ఊరు నమ్ముతుంది. సిటీ హాల్లో నల్లటి విగ్రహం పెడతారు. వేన్ సమాధి దగ్గర గోర్డన్ డికెన్స్ ‘ఎ టేల్ ఆఫ్ టూ సిటీస్’ చివరి వాక్యాలు చదువుతాడు. ఆ నవలలో ఆ మాటలు ఎవరివి? సిడ్నీ కార్టన్‌వి. ఇంకొకడి బదులు తను గిలటిన్ ఎక్కి, నిజంగా తల తెగి చచ్చినవాడివి. ఆ వాక్యాల బరువంతా అతను తిరిగి రాడన్న దాంట్లోనే ఉంది. వాటిని తెచ్చి ఖాళీ సమాధి ముందు చదివించి, రెండు నిమిషాల తర్వాత ఆ ‘చచ్చినవాణ్ణి’ కేఫ్‌లో చూపిస్తారు. డికెన్స్ దగ్గర అప్పు తెచ్చుకుని వడ్డీ కూడా కట్టలేదు.

నా ఉద్యోగ ధర్మం కొద్దీ ఆటోపైలట్ గురించి ఒక మాట. ఆ ఎగిరే బండిలో ఆటోపైలట్ పనిచెయ్యదని సినిమా అంతా చెబుతారు. చివర్లో లూషియస్ ఫాక్స్ అడిగితే, అది ఎప్పుడో సరిచేశారండీ, ఆర్నెల్ల కిందటే ప్యాచ్ వేశారు, వేసింది బ్రూస్ వేన్ అని టెక్నీషియన్ చెబుతాడు. ఒక త్యాగం నిజమా కాదా అన్నది చేంజ్ లాగ్ చూసి తేల్చుకోవాల్సిన ఏకైక మహాకావ్యం ఇది. మా ఆఫీసులో ఎవరైనా అలా చెప్పకుండా ప్రొడక్షన్‌లో ప్యాచ్ వేస్తే సోమవారం మీటింగ్‌లో ఏమవుతుందో వేరే చెప్పాలా!

హాస్యం సరే గానీ, ఒక్కసారి వరస చూడండి. లూషియస్‌కి ప్యాచ్ దొరికింది. ఆల్ఫ్రెడ్‌కి కేఫ్‌లో తలపంకింపు దొరికింది. బ్లేక్‌కి సంచీ. గోర్డన్‌కి మేడ మీద బాగుచేసిన సిగ్నల్ దీపం. తెలిసినవాళ్ళకి తలా ఒక గుర్తు. ఊరికి మాత్రం రాతి బొమ్మ. బతికున్నవాడి కోసం ఊరు ఏడుస్తుంది, పూలు పెడుతుంది, పిల్లలకి కథలు చెబుతుంది. డెంట్ విషయంలో జరిగింది సరిగ్గా ఇదే కదా? నలుగురు పెద్దమనుషులు కూర్చుని, నిజం మాకు తెలిస్తే చాలు, జనానికి ధైర్యం వచ్చే బొమ్మ ఒకటి ఇద్దాం అనుకోవడం. రెండో భాగం ఆ పనిని విషాదంగా చూపించింది. మూడో భాగం మొదటి సగం దాన్ని తప్పంటుంది, గోర్డన్‌ని ఆ బరువు కింద వంచుతుంది. చివరి పది నిమిషాల్లో అదే పని మళ్ళీ చేసి, హాన్స్ జిమ్మర్ సంగీతం పెట్టి, మనల్ని చప్పట్లు కొట్టమంటుంది. దర్శకుడు ఇది తెలిసే చేసి ఉంటే, కూడలికో విగ్రహం ఉన్న మన ఊళ్ళ మీద కూడా పనికొచ్చే గొప్ప వ్యంగ్యం అయ్యేది. తెలిసి చేసిన గుర్తులేవీ నాకు సినిమాలో దొరకలేదు. ఇన్నిసార్లు చూశాక దొరకాలి కదా.

బ్లేక్ చివర్లో పోలీసు బ్యాడ్జి నీళ్ళలోకి విసిరేస్తాడు. ఊరిని కాపాడిందెవరో జనానికి ఎప్పటికీ తెలీదే అని అతను బాధపడితే, తెలుసు, బ్యాట్‌మ్యాన్ అని గోర్డన్ అంటాడు. ఎనిమిదేళ్ళు డెంట్ ఫొటో కింద నిలబడి ఉపన్యాసాలిచ్చిన గోర్డన్ ఇప్పుడూ కమిషనరే. బాగుచేసిన దీపం మీద చెయ్యి వేసి చూసుకున్న మనిషి, ఎవరికీ చెప్పకుండా మేడ దిగివెళ్ళి ఉంటాడు. కింద సిటీ హాల్లో ఏటా ఆ రోజున విగ్రహానికి దండ వెయ్యాల్సింది మళ్ళీ అతనే.